గోటితో పోయేది

మోకాళ్ళ నొప్పి లేని ఇల్లు ఈ రోజుల్లో వెతికినా దొరకదు. అత్తగారు మెట్లెక్కుతూ గోడ పట్టుకుంటారు. పక్కింటి పిన్నిగారు పీట మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకేసి పట్టి, "గుజ్జు అరిగిపోయిందమ్మా" అంటాడు. ఎముక గట్టిదే. అరిగింది ఎముకల మధ్యనున్న మెత్తటి సరుకు. హాయిగా నడిచినన్నాళ్ళూ అలాంటిదొకటి వుందనే సంగతి మనకి పట్టనే పట్టదు.

ఈ జబ్బు మనుషులకే అనుకుంటాం గాని, వాకిట్లో నిలబెట్టిన కారుకి కూడా వుందండీ! కారుకీ మోకాళ్ళున్నాయి. వాటిలోనూ గుజ్జు వుంది. ఆ గుజ్జు బయటికి పోకుండా, బయటి దుమ్ము లోపలికి రాకుండా, పైన మడతలు మడతలుగా నల్లటి రబ్బరు తొడుగు ఒకటి వుంటుంది. షెడ్డులో మేస్త్రీలు దాన్ని ‘బూటు’ అంటారు. "యాక్సిల్ బూటు చిరిగిందండీ, మార్చాలి" అని మేస్త్రీ చెప్పగానే, కారుకి బూట్లేమిటి, డబ్బు గుంజడానికి ఇదో ఎత్తు కాబోలు అని చాలామంది అనుమానపడతారు. "బండి నడుస్తోందిగా, వచ్చేనెల చూద్దాం లే" అంటారు.

ఆ ‘వచ్చేనెల’ ఎంత ఖరీదైనదో తెలియాలంటే మనం కాస్త వెనక్కి వెళ్ళాలి. కాస్త అంటే ఓ మూడువందల యాభై ఏళ్ళు! అరచేతిలో పట్టే ఈ తొడుగు వెనకాల అంత పెద్ద కథ వుంది మరి.

పిల్లల సైన్సు పుస్తకంలో కణం గురించి ఓ పాఠం వుంటుంది. 1665లో బెండుముక్కని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కనిపించిన చిన్న చిన్న గదులకి ‘సెల్’ అని పేరుపెట్టిన ఇంగ్లీషాయన రాబర్ట్ హుక్ అని అందులో చదువుతారు. ఆ హుక్ గారే 1676లో అచ్చయిన ఓ పుస్తకంలో మరో తమాషా వస్తువు గురించి రాశాడు. రెండు ఇనపకడ్డీలు, వాటి కొసలని కలుపుతూ మధ్యన కూడిక గుర్తులా వుండే చిన్న ముక్క. అంతే. ఒక కడ్డీని తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. రెండూ తిన్నగా వుండనక్కర్లేదు, మోచెయ్యి వంచినట్టు వంచిపెట్టినా తిరుగుతుంది. అంతకు వంద సంవత్సరాల పైచిలుకు ముందే ఇటలీలో కార్డానో అనే వైద్యుడు, గణితశాస్త్రజ్ఞుడు ఇటువంటి అమరిక గురించి రాసి వున్నాడు. ఆ పేరుతోనే యూరపులో ఇప్పటికీ ‘కార్డాన్ షాఫ్ట్’ అంటున్నారు.

హుక్ నాటికి కార్లెక్కడివి? ఆయన దీన్ని నీడగడియారాల పలకల మీద గంటల గీతలు గీయడానికి పనికొస్తుందని చెప్పాడు. ఎందుకంటే ఈ కీలులో ఓ వింత గుణం వుంది. మొదటి కడ్డీని ఎంత నిదానంగా, ఎంత సమంగా తిప్పినా, వంచిపెట్టిన రెండో కడ్డీ సమంగా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నిదానిస్తుంది. పలక మీద సూర్యుడి నీడ కూడా గంట గంటకీ సమంగా జరగదు కాబట్టి, ఆయనకి ఈ గుణం కలిసొచ్చింది.

తిరగలి తిప్పినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పిడిని మనవైపుకి లాగేటప్పుడు ఒక ఊపు, అవతలికి తోసేటప్పుడు మరో ఊపు. చుట్టు పూర్తవుతుంది, పిండి పడుతుంది, కాని చుట్టంతా ఒకే వేగం వుండదు. హుక్ కీలు కూడా కాస్త అటువంటిదే. దాన్ని 30 డిగ్రీలు వంచామనుకోండి. ఇవతల కడ్డీ 100 వేగంతో తిరుగుతుంటే, అవతలిది ఒక్క చుట్టులోనే 87కి దిగి, 115కి ఎక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కుతుంది. తిరగలికైతే ఫరవాలేదు. గడియారపు పలకకైతే వరమే. కాని కారు చక్రానికి? స్టీరింగు తిప్పినప్పుడల్లా కారు చేతుల్లో గింజుకుంటుంది!

అందుకే పాతకాలం కార్లు చాలావాటిలో తెలివైన సర్దుబాటు ఒకటి చేశారు. ఇంజను ముందు, బండిని తోసే పని వెనక చక్రాలకి, అటూ ఇటూ మళ్ళే పని ముందు చక్రాలకి. మళ్ళే చక్రానికి తోసే పని లేదు, తోసే చక్రానికి మళ్ళే పని లేదు. ముందున్న ఇంజను శక్తిని వెనక్కి చేరవెయ్యడానికి కారు పొట్టకింద నించి పొడుగాటి షాఫ్టు ఒకటి వెళ్ళేది. దానికి రెండు పక్కలా హుక్ కీళ్ళే. వంపు తక్కువ కాబట్టి, ఒకదాని తొందరని రెండోది సర్దేస్తుంది కాబట్టి, గొడవలేకుండా నడిచిపోయేది. మన అంబాసిడరూ అంతే, మన ఫియట్టూ అంతే.

ఆ షాఫ్టు మూలాన మనం పడ్డ అవస్థ ఒకటుంది. అంబాసిడరు వెనకసీట్లో మధ్యన కూర్చున్న వాళ్ళకి గుర్తుంటుంది. కాళ్ళ దగ్గర నేల చదునుగా వుండదు. మధ్యలో గట్టులా ఉబ్బెత్తుగా వుంటుంది. ఆ గట్టు కిందనించే షాఫ్టు వెళ్ళేది. కాళ్ళు గట్టుకి చెరోపక్కా వెయ్యాలి, లేదా గట్టుమీద పెట్టుకుని మోకాళ్ళు గడ్డానికి ఆనించుకోవాలి. ఆ మధ్యసీటు ఎవరికి దక్కేదో చెప్పాలా? కిటికీ ఒకటి పెద్దవాళ్ళకి, మరోటి పిల్లలకి. ఒళ్ళో పాప, పాప మీద టిఫిను కారియరు, కాళ్ళకింద గట్టు – ఇంటి ఇల్లాలికి!

ఈ గట్టు తీసెయ్యాలంటే దారి ఒక్కటే. ఇంజను ఎలాగూ ముందుంది కదా, ముందు చక్రాలతోనే బండిని లాగించాలి. పొడుగు షాఫ్టు అక్కర్లేదు. బరువు తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది, బురదలోనూ బండి చక్కగా లాగుతుంది. ఈ సంగతి ఇంజనీర్లకి మొదటినించీ తెలుసు. తెలిసీ ఏళ్ళ తరబడి ఎందుకు ఊరుకున్నారంటే, ముందు చక్రం అటు లాగాలి, ఇటు మళ్ళాలి. మళ్ళినప్పుడు 30 డిగ్రీలు, ఇంకా ఎక్కువే వంగాలి. వంగినా సమంగా తిరగాలి. అలా తిరిగే కీలు లేదు! అడ్డంపడింది ఇంజను కాదు సుమండీ, ఓ మోకాలు.

ఆ కీలు రెండు దేశాల్లో దాదాపు ఒకేసారి పుట్టింది. 1926లో ఫ్రాన్సులో పియెర్ ఫెనాయ్ అనే ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆయన స్నేహితుడు జాన్ అల్బేర్ గ్రెగ్వార్ ఆ కీళ్ళతో ‘ట్రాక్టా’ అనే చిన్నకారు తయారుచేశాడు. నమ్మేదెవరు? మాటలెందుకని 1927లో లె మాన్ ఊళ్ళో జరిగే 24 గంటల పందెంలో తానే స్టీరింగు పట్టి, పందెం చివరిదాకా నడిపి చూపించాడు. ఒక రాత్రీ ఒక పగలూ విరక్కుండా తిరిగిన కీలుని చూశాక నోళ్ళు మూతపడ్డాయి. తరవాత జర్మనీలో 1931లో వచ్చిన డి.కె.డబ్ల్యు. బుల్లికారు కూడా ఈ ట్రాక్టా కీళ్ళనే వాడుకుంది.

అదే 1926 ప్రాంతాన అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు మరో దారి పట్టాడు. ఇవాళ మన వీధుల్లో తిరిగే కార్లలో ఎక్కువభాగం నడిచేది ఆయన కీలు మీదే. దాన్ని ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఒక ఉక్కు గిన్నె. గిన్నె లోపల ఒక ఉక్కు ఉండ. గిన్నె లోపలివైపు ఆరు గాళ్ళు, ఉండ పైన ఆరు గాళ్ళు, ఎదురెదురుగా. ఒక్కో జంట గాళ్ళ మధ్యన ఒక్కో ఉక్కు గోళీ. పిల్లలు ఆడుకునే గోళీల్లాంటివే, నున్నగా మెరుస్తూ వుంటాయి. గోళీలు చెదిరిపోకుండా ఆరింటినీ ఒక పంజరం పట్టుకుని వుంటుంది. కీలు ఎంత వంగినా ఆ ఆరు గోళీలూ ఎప్పుడూ సరిగ్గా వంపుకి మధ్యనే నిలుస్తాయి. అటు ఎంతో ఇటు అంతే. తగువు తీర్చే పెద్దమనిషి ఎవరి పక్షానికీ ఒరగనట్టు. అందుకని ఇటు ఎంత వేగమో అటూ అంతే వేగం, తిరగలి ఊపుల్లేవు. అదీ ‘కాన్‌స్టంట్ వెలాసిటీ జాయింట్’, ముద్దుగా ‘సీవీ జాయింటు’.

కీలు దొరికింది, ఇంకేం అనుకుంటాం. ఇల్లు అలకగానే పండగవుతుందా? 1934లో పారిస్‌లో ఆండ్రే సిట్రొయెన్ ముందు చక్రాలతో లాగే కారుని వేల సంఖ్యలో తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. ఎంతో అందమైన కారు. కాని తొందరపడి బయటికి తెచ్చినందువల్ల మొదట్లో ఎన్నో చిక్కులు, వాటిలో ముందు చక్రాల కీళ్ళ చిక్కు ఒకటి. కొత్త కారు కోసం చేసిన అప్పులు మీదపడి, ఆ ఏడు డిసెంబరులోనే కంపెనీ దివాలా తీసింది. టైర్ల కంపెనీ మిషెలిన్ చేతికి పోయింది. 1935 జులైలో సిట్రొయెన్ కన్నుమూశాడు. ఆయన కారు మాత్రం దోషాలన్నీ ఒక్కొక్కటే సరిదిద్దుకుని 1957 దాకా తయారవుతూనే వుంది. బిడ్డ బతికింది, తండ్రి చూసుకోలేదు.

కీలుకి కావలసింది ఉక్కు ఒక్కటే కాదు. ఆరు గోళీలు ఆరు గాళ్ళలో అస్తమానం జారుతుండాలంటే గ్రీజు కావాలి. గ్రీజు నిలవాలంటే సంచీ కావాలి. ఆ సంచీ చక్రంతోపాటు తిరగాలి, వంగాలి, సాగాలి, మళ్ళీ ముడుచుకోవాలి. ఎండకీ వానకీ, కింద రాళ్ళకీ తట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, తనలో వున్న గ్రీజుకే కరిగిపోకుండా వుండాలి. కొబ్బరినూనె చేత్తో రబ్బరు బ్యాండు తీసి డబ్బాలో పడేసి నెల తరవాత చూడండి, మెత్తబడి జిగురైపోయి వుంటుంది. చెట్టుపాల రబ్బరుకి నూనె పడదు.

దీనికి మందు దొరికింది 1930లో, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో. వాలెస్ కెరోథర్స్ అనే రసాయనశాస్త్రజ్ఞుడి బృందంలో ఒక కొత్తరకం కృత్రిమ రబ్బరు పుట్టింది. దానికి తరవాత ‘నియోప్రీన్’ అని పేరొచ్చింది. నూనె తగిలితే చెట్టురబ్బరంత తేలిగ్గా ఉబ్బిపోదు, ఎండకీ త్వరగా పగలదు. అయిదేళ్ళు తిరక్కుండా, 1935లో, అదే బృందం చేతిలో ఇంకొకటి పుట్టింది. దాని పేరు చెబితే మీరే నవ్వుతారు – నైలాను! ఉతికి ఆరేసి ఇస్త్రీ అక్కర్లేకుండా కట్టుకెళ్ళిన ఆ నైలాను చీరా, కారు కింద బురదలో తిరిగే ఈ నల్లబూటూ ఒక ఇంటి అక్కచెల్లెళ్ళన్నమాట. చెల్లెలు బీరువాలోకి చేరింది, అక్క చక్రం వెనకాల చాకిరీకి కుదిరింది.

ఉక్కు కీలు, కొత్త రబ్బరు తొడుగు, రెండూ కలిసి ఒక సంసారాన్ని నిలబెట్టింది ఇంగ్లండులో. 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చింది. ఓడలు ఆగిపోయాయి, ఆ డిసెంబరులో ఇంగ్లండులో పెట్రోలుకి రేషను పెట్టారు. తక్కువ పెట్రోలు తాగే, నలుగురు కూర్చునే బుల్లికారు చేసిపెట్టమని అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుని అడిగారు. ఆయన పెట్టుకున్న కొలత పది అడుగులు. కారు మొత్తం పొడుగు పది అడుగులే! అందులో ఇంచుమించు నూటికి 80 వంతుల చోటు మనుషులకీ సామాన్లకీ పోవాలి.

ఎలా చేశాడనుకున్నారు? పొడుగ్గా వుండే ఇంజనుని అడ్డంగా తిప్పి పెట్టాడు. గదిలో మంచాన్ని నిలువునించి అడ్డంగా జరిపితే ఎంత చోటు కలిసొస్తుందో మనకి ఎవరైనా చెప్పాలా! ఇంజను అడ్డంగా పెట్టి, ముందు చక్రాలతో లాగించి, చక్రాల దగ్గర జెప్పా తరహా కీళ్ళు వేసి, వాటికి రబ్బరు బూట్లు తొడిగాడు. 1959 ఆగస్టు 26న ‘మినీ’ కారు జనం ముందుకి వచ్చింది. 2000 సంవత్సరం దాకా 53 లక్షల పైచిలుకు కార్లు తయారయ్యాయి. అప్పటినించీ లోకంలో చిన్నకారు అంటే దాదాపు అదే పద్ధతి.

ఆ పద్ధతి మన దేశంలో ఇంటింటి మాట అయింది మారుతీతో. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళంచెవులు ఓ సామాన్య గృహస్థు చేతిలో పెట్టారు. అడ్డంగా పెట్టిన మూడు సిలిండర్ల ఇంజను, ముందు చక్రాల లాగుడు. పొడుగు షాఫ్టూ లేదు, దాని కోసం లేపిన గట్టూ లేదు. ఆ బుల్లికారులో వెనకసీటు ఇరుకే, కాదన్లేం. కాని స్టీరింగు తేలిక, సందుల్లో తిప్పుకోవడం తేలిక. అంబాసిడరు స్టీరింగుని చూసి మనకెందుకొచ్చిందిలే అని ఊరుకున్న ఆడవాళ్ళు ఎందరో డ్రైవింగు నేర్చుకున్నది దీనిమీదే. మధ్యసీటు నించి డ్రైవరు సీటుకి వచ్చిన ప్రయాణం ఎంత పెద్దదో, ఆ గట్టుమీద కాళ్ళు పెట్టుకు కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడరు తయారీ కూడా ఆగిపోయింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే ఏడు తప్పుకున్నారు. కాని పాత కార్లు, వాటి పిల్లలూ మనుమలూ ఇంకా మన వాకిళ్ళలో వున్నాయి. వాటి మోకాళ్ళ సంగతే ఇప్పుడు చూద్దాం.

కారు ముందువైపు ఎడమకొకటి, కుడికొకటి యాక్సిలు. ఒక్కో యాక్సిలుకి రెండు కీళ్ళు – గేరుబాక్సు పక్కన ఒకటి, చక్రం పక్కన ఒకటి. అంటే మొత్తం నాలుగు కీళ్ళు, నాలుగు బూట్లు. గుంటలో చక్రం దిగినప్పుడు యాక్సిలు కాస్త పొడుగు సాగాలి, ఎక్కినప్పుడు పొట్టి కావాలి. ఆ పని లోపలి కీలుది. స్టీరింగు తిప్పినప్పుడు వంగే పని బయటి కీలుది. ఎక్కువ వంగేది అదే కనక, ముందు చిరిగేది కూడా సాధారణంగా దాని బూటే. బుల్లికారు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే చక్రం నిమిషానికి సుమారు 600 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకీ బూటు మడత ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. హార్మోనియం తిత్తి అయినా ఇంత కష్టపడదు పాపం!

ఏళ్ళు గడిచేసరికి మడతల లోతులో సన్నటి బీటలు వస్తాయి. లేకపోతే పట్టీ వదులవుతుంది, రాయి తగులుతుంది, ఇంటిముందు నిలబెట్టిన కారులో ఎలుక పళ్ళు పదునుపెట్టుకుంటుంది. చిరిగిన మొదటిరోజు కారుకి ఏమీ కాదు. చప్పుడు లేదు, కుదుపు లేదు. అక్కడే మనం మోసపోయేది. చక్రం తిరిగే ఊపుకి లోపలి గ్రీజు చిలికినట్టు బయటికి చిమ్ముతుంది. చక్రం లోపలి అంచున నల్లటి జిడ్డు మరకలు పడతాయి. ఆ నలుపు మురికి కాదు, గ్రీజులో కలిపిన మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే పొడి. పొరలు పొరలుగా జారే గుణం దానిది; గోళీలకీ గాళ్ళకీ మధ్యన పరుపులా నిలుస్తుంది. పరుపు పోయి, దాని చోట రోడ్డు మీది ఇసకా నీళ్ళూ చేరాయంటే, ఇక కీలు తనని తానే నూరుకుంటుంది. రుబ్బురోట్లో ఇసక పోసి రుబ్బినట్టే.

అప్పుడు మొదలవుతుంది చప్పుడు. స్టీరింగు బాగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు టక్ టక్ టక్ మంటుంది. తిన్నగా వెళితే వుండదు. అరిగిన గుంటల్లోకి గోళీలు దిగి లేస్తున్న చప్పుడది. ఆ చప్పుడు వినిపించాక బూటు మార్చినా ఫలితం అంతగా వుండదు. కీలు పని అయిపోయిందన్నమాట. అప్పటికీ పట్టించుకోకపోతే ఒకనాడు కీలు విడిపోతుంది. ఇంజను తిరుగుతూనే వుంటుంది, గేరు పడుతూనే వుంటుంది, కారు మాత్రం అడుగు కదలదు. ఎక్కడ కదలదో మన చేతిలో లేదు – ఇంటిముందు కావచ్చు, పిల్లాడి పరీక్షకి వెళ్ళే దారిలో రైలుగేటు దగ్గర కావచ్చు.

బూటు మార్చడం పెద్ద విద్య కాదు గాని, ఓపిక గల పని. చక్రం నేలమీద వుండగానే మధ్యనున్న పెద్ద నట్టు వదులు చేస్తాడు మేస్త్రీ. తరవాత జాకీ పెట్టి చక్రం తీసి, కింది ఆర్మ్ విప్పి, యాక్సిలుని గేరుబాక్సులోంచి బయటికి లాగుతాడు. బూటు పట్టీలు కోసి, కీలు విప్పి, పాత గ్రీజంతా తుడిచేస్తాడు. గోళీలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి వరసగా పెడతాడు. ఇక్కడ మంచి మేస్త్రీ ఒక పని చేస్తాడు. గాడిలో వేలిగోరు పెట్టి మెల్లిగా లాగి చూస్తాడు. గోరు నున్నగా జారిందా, కీలు బతికే వుంది. ఎక్కడైనా అడ్డం తగిలిందా, గుంట పడ్డట్టే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు కార్లు చూసి అన్నారో లేదో గాని, ఆ మాట అక్షరాలా నిజమయ్యే చోటు ఇదే!

కీలు బాగుంటే కొత్త గ్రీజు నింపి, కొత్త బూటు తొడిగి, లోపల గాలి బిగియకుండా సర్ది, పట్టీలు వేసి బిగిస్తారు. బూటు ఖరీదు మొత్తం యాక్సిలు ఖరీదులో చిన్న పాలు. ఖర్చంతా కూలీలోనే వుంటుంది. అందుకే ఒక బూటు కోసం యాక్సిలు బయటికి వచ్చినప్పుడు, వయసైన రెండో బూటు కూడా మార్చెయ్యమంటారు తెలిసినవాళ్ళు. యాక్సిలు తియ్యకుండానే వేసే చీలిక బూట్లు కూడా వున్నాయి. అంచులు జిగురుతోనో, మరలతోనో కలుపుతారు. జాకెట్టు హుక్కు ఊడితే పిన్నీసు పెట్టుకున్నట్టు, ఇల్లు చేరేదాకా పనికొస్తాయి.

కీలు కొద్దిగా అరిగితే? అప్పుడు యాక్సిలుని తిరగ్గట్టే విద్య ఒకటుంది. యూరపు, అమెరికా దేశాల్లో పాత యాక్సిళ్ళు సేకరించి, అరిగిన గాళ్ళని సానబట్టి, ఆ మేరకి కాస్త లావుపాటి గోళీలు వేసి, కొత్త గ్రీజుతో కొత్త బూట్లతో మళ్ళీ అమ్మడం ఒక పెద్ద వ్యాపారం. పాతది ఇచ్చి, తిరగ్గట్టినది పట్టుకెళ్ళడమే. మన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత యాక్సిలుని విప్పి, పనికొచ్చే భాగం నిలిపి, పోయిన కీలు ఒక్కటే మార్చి మళ్ళీ బిగించే చేతులున్నాయి. మరో చిట్కా కూడా వుంది. కారు ముందుకి నడిచేటప్పుడు గాడి ఒక పక్కే బరువు మోస్తుంది. రెండో పక్క దాదాపు అరగదు. రెండువైపులా ఒకేరకం కీళ్ళుండి, అరుగుదల స్వల్పమైతే, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మారిస్తే అరగని పక్కకి బరువు మారుతుంది. చొక్కా కాలరు అరిగితే విప్పి, తిరగేసి కుట్టి మరో రెండేళ్ళు తొడిగించిన ఇల్లాళ్ళకి ఈ చిట్కా కొత్తదేం కాదు!

ఇప్పుడు కాలం మారింది. తిరగేసి కుట్టడం పోయి, తీసి పారేసి కొనడం వచ్చింది. షెడ్డులో కూడా బూటు ఒక్కటే మార్చే ఓపిక తగ్గి, "యాక్సిలే మార్చెయ్యండి, ఖాయంగా వుంటుంది" అనడం పెరిగింది. కీలు అరిగితే ఆ మాట సబబే. కీలు నిక్షేపంలా వుండి పైతొడుగు ఒక్కటే చిరిగినప్పుడు కాదు. ఆ తేడా అడిగే హక్కు మనకుంది. "గాళ్ళు అరిగాయా బాబూ? ఓసారి చూపించు" అంటే చాలు. అడిగినవాళ్ళకి మంచి మేస్త్రీ తప్పకుండా చూపిస్తాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఆ నెల ఇంటి బడ్జెట్టు నిలబడ్డా నిలబడవచ్చు.

విద్యుత్తు కార్లు వచ్చేశాయి, ఈ గోల ఇంకెన్నాళ్ళు అనకండి. ఇంజను పోయి మోటారు వచ్చినా, చక్రం ఎక్కాలి, దిగాలి, తిరగాలి. మోటారుకీ చక్రానికీ మధ్యన అదే యాక్సిలు, అవే కీళ్ళు, అదే రబ్బరు బూటు. పెట్రోలు బంకు దారి మరిచిపోయినా దీన్ని మరవడానికి వీల్లేదు.

తలుచుకుంటే ఒకటి తమాషాగా వుంటుంది. కీళ్ళన్నిటికీ పేర్లున్నాయి. హుక్ కీలు, కార్డానో కీలు, జెప్పా కీలు. కనిపెట్టినవాళ్ళ పేర్లు చరిత్రలో నిలిచిపోయాయి. వాటిని ఇన్నాళ్ళూ బతికించిన తొడుగుకి మాత్రం ఎవరి పేరూ లేదు. ఇంగ్లండులో దాన్ని కాలిపట్టీ పేరుతో పిలుస్తారు, మనం చెప్పుల జాతిలో కలిపేశాం. మూసివుంచి, కాపాడి, ఏమీ జరక్కుండా చూసే పనికి పేరు రాదు కాబోలు. అది చిరిగిన నాడే అందరికీ గుర్తొస్తుంది. ఇంట్లో ఆ పని చేసేవాళ్ళెవరో మీకు చెప్పనక్కర్లేదు.

ఈసారి కారు కడిగించేటప్పుడు స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పించి, చక్రం వెనక్కి ఓసారి వంగి చూడండి. మడతలు పొడిగా, నల్లగా, నిబ్బరంగా వుంటే సంతోషం. జిడ్డు చిమ్మివుంటే మాత్రం ‘వచ్చేనెల’ అనకండి. ఇప్పుడైతే గోటితో పోతుంది.